ఉలికిపాటు సరే, గుబులు ఎలా పుట్టించాలి?

మూసీగాలి
అందరికీ నమస్కారం. చిక్కడపల్లిలో మా పెద్దమ్మ వాళ్ల పాత ఫ్లాట్‌లో పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి తీశాను. కథ చిన్నది. పరీక్షలకు చదువుకుందామని ఒక అమ్మాయి ఖాళీ ఫ్లాట్‌కి వచ్చి నాలుగు రాత్రులు ఉంటుంది. లోపలి గది తలుపు రోజురోజుకీ కాస్త ఎక్కువగా తెరుచుకుని ఉంటుంది. అంతే.

ఎడిట్ చేసేటప్పుడు ఒక్కడినే కూర్చుంటే నాకే ఒళ్లు జలదరించింది. మొన్న ఆదివారం ఎనిమిది మందికి చూపించాను. తొమ్మిదో నిమిషంలో తలుపు సందులోంచి చెయ్యి బయటికొచ్చే చోట అందరూ ఉలిక్కిపడ్డారు. మరుక్షణం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ తర్వాతి మూడు నిమిషాలు ఎవరిలోనూ భయం లేదు. ఒకతను ఫోన్ తీసి మెసేజ్ చూసుకున్నాడు.

నాకు కావాల్సింది ఆ ఉలికిపాటు కాదు. ఇంటికెళ్లాక బాత్రూమ్ లైటు వేసేముందు ఒక్క క్షణం చెయ్యి ఆగాలి. ఆ గుబులు కావాలి. నా సినిమాలో అది ఎక్కడ జారిపోతోందో అర్థం కావట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

చివరివరుస
మూసీగాలి గారూ, జారిపోయిన చోటు మీరే చెప్పేశారు. తొమ్మిదో నిమిషం. అప్పటిదాకా వాళ్లు బిగబట్టిన ఊపిరిని మీ చేతులారా మీరే వదిలించేశారు. ఉలిక్కిపడ్డాక మనిషికి హాయిగా ఉంటుంది, అందుకే నవ్వారు. వాళ్లు మీ సినిమాను వెక్కిరించలేదు, బాధపడకండి.

1942లో వచ్చిన క్యాట్ పీపుల్ సినిమాలో ఒక సన్నివేశం ఉంది. రాత్రిపూట పార్కు గోడ పక్కన ఒకావిడ నడిచి వెళ్తుంటుంది. వెనక ఇంకొకావిడ చెప్పుల చప్పుడు. దీపం కింద వెలుగు, ఆ తర్వాత చీకటి, మళ్లీ దీపం. కాసేపటికి వెనక చప్పుడు ఆగిపోతుంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఆవిడ నడక వేగం పెంచుతుంది. మీద ఏదో దూకబోతోందని మనకు అనిపించే క్షణంలో ఒక బస్సు బుస్సుమంటూ వచ్చి ఆగుతుంది. సినిమావాళ్లు ఆ రకం ఉలికిపాటుకు బస్సు అనే పేరు పెట్టుకున్నారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ బస్సునే పట్టుకున్నారు. అంతకుముందు ఆవిడ ఎంతసేపు నడిచిందో చాలామంది లెక్కపెట్టలేదు.

మన దగ్గర ఆ నడక విలువ తెలిసి తీసిన సినిమా నాకు వెంటనే గుర్తొచ్చేది రామ్ గోపాల్ వర్మ తీసిన రాత్రి, 1992. మొదట్లో రేవతి మనిషి జాడ లేని వీధుల్లో ఒంటరిగా తిరిగే భాగం ఉంటుంది. పట్టపగలు. దెయ్యం లేదు, రక్తం లేదు. ఇంత పెద్ద ఊళ్లో మనుషులు ఏమయ్యారన్న ప్రశ్న ఒక్కటే మనల్ని కుర్చీలో బిగించేస్తుంది. కెమెరా ఎవరో ఒక మనిషిలా కదులుతుంది. చిన్నప్పుడు చూశాను, ఇప్పటికీ బంద్ రోజు ఖాళీ రోడ్డు చూస్తే అదే గుర్తొస్తుంది.

ఇంటర్వెల్‌సమోసా
అన్నా, ఉలికిపాటును మరీ తీసిపారేయొద్దు. హాల్లో మూడు వందల మంది ఒకేసారి ఎగిరిపడితే ఆ మజా వేరు. ఫోన్లో ఒంటరిగా చూస్తే అది రాదు.

చివరివరుస
తీసిపారేయట్లేదు తమ్ముడూ. ఎప్పుడు వాడాలి, ఎన్నిసార్లు వాడాలి అన్నదే నా బాధ. పన్నెండు నిమిషాల సినిమాలో ఒక్కటి వాడినా, దాని తర్వాత మళ్లీ గుబులు కూడగట్టుకోవడానికి టైమ్ ఉండదు.

ఫేడర్7
మూసీగాలీ, మొదటి ప్రశ్న. ఆ ఫ్లాట్‌లో రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో ఉండే మామూలు చప్పుడు, రికార్డ్ చేశావా?

మూసీగాలి
లేదన్నా. డైలాగులు తక్కువే కదా అని డబ్బింగ్‌లో చూసుకుందామనుకున్నా. మధ్యలో నిశ్శబ్దం ఉన్న చోట్ల ట్రాక్ ఖాళీగా వదిలేశాను. చెయ్యి వచ్చే చోట ఆన్‌లైన్‌లో దొరికిన ఒక స్ట్రింగ్స్ హిట్, వయొలిన్లు ఒక్కసారిగా గట్టిగా మోగే ముక్క, వేశాను.

ఫేడర్7
అక్కడే పోయింది. నేను పదకొండేళ్లుగా కృష్ణానగర్‌లో సౌండ్ పని చేస్తున్నా. హారర్ అనగానే నిర్మాతలు నా దగ్గర అడిగేది ఒకటే, దడదడలాడించు అని. కానీ ఖాళీ ట్రాక్ నిశ్శబ్దం కాదు. జనం దాన్ని స్పీకర్ ఆగిపోయినట్టుగానే వింటారు. ఆ క్షణంలో వాళ్లు ఫ్లాట్‌లోంచి బయటపడి తాము కూర్చున్న హాల్లోకి వచ్చేస్తారు.

అర్ధరాత్రి పాత ఫ్లాట్‌లో ఒక అరగంట కళ్లు మూసుకుని కూర్చో. ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అవుతుంది, కాసేపటికి చిన్నగా వణికి ఆగుతుంది. ఫ్యాన్ ప్రతి చుట్టుకూ ఒకచోట టిక్కుమంటుంది. కింద సంపులోంచి మోటార్ నీళ్లు తోడుతుంటే పైపుల్లో గరగరమని వస్తుంది. ట్యూబ్‌లైట్ చోక్ సన్నగా జుమ్మంటుంది. పది నిమిషాలకు చెవి వీటన్నిటికీ అలవాటుపడి వినడం మానేస్తుంది. అప్పుడు వాటిలో ఏదో ఒకటి ఆగిపోయిందనుకో. నీకు తెలియకుండానే తల పైకి లేస్తుంది. ఏం ఆగిందో కూడా వెంటనే తెలియదు. ఏదో మారిందని మాత్రం ఒళ్లు చెప్తుంది.

అందరూ భయం కోసం చప్పుడు తెచ్చి కలుపుతారు. నువ్వు ఒకటి తీసెయ్. మొదటి రెండు రాత్రులు ఫ్యాన్ టిక్ వినిపించు. మూడో రాత్రి ఆ అమ్మాయి చదువుతుండగా టిక్ ఆగాలి, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉండాలి. దానికి కారణం చెప్పకు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. థియేటర్లో సౌండ్ ఎంత ఉండాలో పెట్టే డాల్బీ ప్రాసెసర్ మీద 7 అనేది ప్రామాణికం. 7 దగ్గర పెడితే మేం స్టూడియోలో విన్న మోతాదే హాల్లో వినిపిస్తుంది. రెండు అంకెలు తగ్గిస్తే దాదాపు 6, 7 డెసిబెల్స్ పోతాయి. నేను పనిచేసిన ఒక హారర్ సినిమాను నగరంలోని ఒక మల్టీప్లెక్స్‌లో చూడ్డానికి వెళ్లాను. చప్పుడు ఎక్కువైందని ఎవరో గొడవ చేశారట, బాగా తగ్గించేశారు. మేం నెలన్నర కూర్చుని కట్టిన చిన్న చిన్న శబ్దాలు, గోడ అవతల మెట్టు చప్పుడు, గాలి, అన్నీ ఏసీ హోరులో కలిసిపోయాయి. పెద్ద శబ్దాలు మాత్రం మిగిలాయి. బయటికొచ్చేటప్పుడు ఒకాయన, ఊరికే భయపెడుతున్నారు తప్ప విషయం లేదు అన్నాడు. ఆయన విన్న సినిమాలో నిజంగానే విషయం లేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

కెమెరాకన్ను
ఫేడర్7 అన్న చెప్పినదానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 1980లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన ది షైనింగ్. పిల్లాడు మూడు చక్రాల బండి తొక్కుతూ ఖాళీ హోటల్ వరండాల్లో తిరుగుతుంటాడు. కెమెరా అతని వెనకాలే, నేలకు దగ్గరగా, జారుతున్నట్టు వెళ్తుంది. మనిషి నడుస్తున్నా కెమెరా కుదుపుల్లేకుండా కదిలేలా చేసే స్టెడీక్యామ్‌ను కనిపెట్టిన గ్యారెట్ బ్రౌనే స్వయంగా ఆ సినిమాకు పనిచేశాడు. చక్రాలు చెక్క నేల మీద గడగడమంటాయి, కార్పెట్ ఎక్కగానే చప్పుడు మాయమవుతుంది, మళ్లీ చెక్క, మళ్లీ కార్పెట్. మూడుసార్లు విన్నాక మన ఊపిరి కూడా ఆ లెక్కలోనే నడుస్తుంది. అక్కడ భయపడే వస్తువు ఏదీ లేదు. అతను మలుపు తిరిగిన ప్రతిసారీ మనం ఆ మలుపు అవతలి సగాన్ని చూడాలనుకుంటాం, చూడొద్దనీ అనుకుంటాం.

మూసీగాలీ, లోపలి గది తలుపు షాట్లు ఏ లెన్స్‌తో తీశావు? అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే కంత, ఎంత?

మూసీగాలి
50ఎంఎం అన్నా, అపర్చర్ బాగా తెరిచి 1.8 దగ్గర. అమ్మాయి మొహం షార్ప్‌గా, వెనక తలుపు మసకగా. సినిమాటిక్‌గా ఉంటుందని.

కెమెరాకన్ను
అందంగా ఉండి ఉంటుంది, కాదనను. కానీ వెనకంతా మసకగా ఉంటే చూసేవాడి కన్నుకు తిరగడానికి చోటుండదు. ఎక్కడ చూడాలో నువ్వే తేల్చేశావు. భయం సినిమాలో కన్ను తనంతట తాను వెతకాలి. తలుపు సందు, మంచం కింద, అద్దంలో మూల, పరదా కింద నేల. వెతికి ఏమీ దొరక్కపోతే, ఇంకాసేపు వెతుకుతుంది. నీ సినిమా నడవాల్సింది ఆ వెతుకులాట మీద.

ఇంకా వెడల్పుగా చూపించే 24ఎంఎం వేసి, వెనక తలుపు కూడా స్పష్టంగా కనపడేలా అపర్చర్ 5.6 దాకా మూసి, అమ్మాయిని ఫ్రేమ్‌లో ఎడమ అంచుకు జరుపు. కుడివైపు సగం ఖాళీ, అక్కడ తలుపు. కట్ చేయకు. ఫోకస్ తలుపు మీదికి మార్చకు. అక్కడ చూడండి అని కెమెరా వేలెత్తి చూపించిందంటే పని చెడినట్టే. అన్నట్టు, 5.6కి వెలుగు సరిపోదు. వంటింట్లో ట్యూబ్‌లైట్ వేసి ఉంచు, ఆ తెల్లటి వెలుగు నేల మీద పడి తలుపు దాకా పాకనివ్వు. నీలం లైట్లు మాత్రం వద్దు. హైదరాబాద్‌లో ఏ ఇంట్లోనూ రాత్రి నీలంగా ఉండదు.

1961లో వచ్చిన ది ఇన్నోసెంట్స్ నలుపు తెలుపు సినిమా. అందులో కొలను అవతల రెల్లు గడ్డిలో నల్లబట్టల ఆవిడ ఒకతి నిలబడి ఉంటుంది. పగటి వెలుగులో, అంత దూరాన. మీదికి రాదు, అరవదు. నిలబడి ఉంటుంది, అంతే. నా జీవితంలో నన్ను అంత ఇబ్బంది పెట్టిన షాట్ ఇంకోటి లేదు.

నల్లకుంట_పాఠకురాలు
మీరందరూ లెన్సులూ డెసిబెల్సూ చెప్తుంటే నాకు మా నాయనమ్మ గుర్తొస్తోంది. ఎండాకాలం సెలవుల్లో ఆరుబయట మంచాలేసుకుని పడుకుంటే కొరివిదెయ్యం కథ చెప్పేది. దెయ్యం మొహం ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చెప్పలేదు. చెరువు గట్టు మీద వెలుగు కనిపించింది అనేది. తర్వాత మర్రిచెట్టు దగ్గర. తర్వాత మన దొడ్డి గోడ దగ్గర. అక్కడ ఆపేసి, ఇక పడుకోండి అని అటు తిరిగి పడుకునేది. మా మంచాలు దొడ్డి గోడ పక్కనే ఉండేవి. అక్కడిదాకా తెచ్చి వదిలేసేది, మిగతా దారి మా చేతే నడిపించేది.

చిన్నప్పుడు మా ఊళ్లో ఇంటింటి తలుపు మీదా 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. సున్నంతో, సుద్దముక్కతో, కొందరు బొగ్గుతో. పెద్దయ్యాక ఆ మాట గురించి చాలా ఆలోచించాను. అందులో 'పో' అన్న మాట లేదు చూడండి. ఆ ఆడదెయ్యాన్ని తరిమేయడం ఎవరి వల్లా కాదని ఒప్పేసుకున్నారు. ఆమె రోజూ వస్తుంది, తలుపు ముందు నిలబడి చదువుతుంది, వెనుదిరుగుతుంది, రేపు మళ్లీ వస్తుంది. వాన పడి ఆ అక్షరాలు చెరిగిపోతే? నేను రోజూ స్కూలు నుంచి రాగానే మా తలుపు మీద అక్షరాలన్నీ ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని. 'రే' సగం చెరిగిన రోజు అమ్మ చేత దిద్దించేదాకా అన్నం తినలేదు.

మూసీగాలి బాబూ, నీ సినిమాలో అలాంటి నియమం ఒకటి పెట్టు. ఆ గది తలుపు రాత్రిపూట ఎందుకో మూయకూడదని పెద్దమ్మ ఒకప్పుడు అనేదని ఫోన్లో ఎవరో మామూలుగా చెప్పాలి. ఒక్కసారి చెప్తే చాలు. నియమం చెవిన పడ్డాక చూసేవాళ్లే కాపలా కాస్తారు.

ఇంకో మాట. తెలుగులో వాతావరణం అంటే గాలీ వానా కూడా కదా. 2018లో వచ్చిన తుంబాడ్‌ను అసలైన వానాకాలాల్లోనే తీశారు. ఆ సినిమాలో గోడలు చూస్తే చేతికి తడి అంటినట్టుంటుంది. 1973 నాటి ది ఎక్సార్సిస్ట్‌లో దెయ్యం పట్టిన పిల్ల గదిలో మాట్లాడేవాళ్ల నోటి నుంచి ఆవిరి వస్తుంది, పడకగది సెట్‌ను నిజంగానే చల్లబరిచి తీశారు. చలి నిజమైనప్పుడు నటులు వణకడం కూడా నిజమే. మీ ఫ్లాట్‌కి ఉన్న నిజమైన వాతావరణం ఏమిటి? ఉక్కపోతా? పాత గోడల నెమ్ము వాసనా? దాన్ని వాడుకోండి.

ఇంటర్వెల్‌సమోసా
అక్కా, ఆ తలుపు రాత చదివాక మా మెట్ల లైటు వేసి వచ్చా.

కానీ నా అనుమానం ఒకటుంది. మన జనం రెండున్నర గంటలు గుబులుగా కూర్చుంటారా? 2013లో ప్రేమకథా చిత్రమ్ ఆడాక వరసగా హారర్ కామెడీలు వచ్చాయి, చాలావాటికి హాళ్లు నిండాయి. మధ్యమధ్యలో నవ్వు లేకపోతే సింగిల్ స్క్రీన్‌లో జనం తామే కేకలేసి నవ్వు పుట్టించుకుంటారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఎన్నిసార్లో చూశా. తెర మీద నిశ్శబ్దం పది సెకన్లు దాటితే వెనకనుంచి ఎవడో పిల్లికూత వేస్తాడు. అది కూడా డైరెక్టర్ లెక్కలో ఉండాలి కదా.

చివరివరుస
మంచి మాట అన్నావు. ఆ పిల్లికూత వేసేవాడు అందరికన్నా ఎక్కువ భయపడుతున్నవాడు. నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేక వేస్తాడు. కాబట్టి సినిమా పనిచేస్తున్నట్టే.

నవ్వు ఉండొద్దని నేను అనను. భయపడే మనిషి కంగారులోంచి పుట్టే నవ్వు భయాన్ని తగ్గించదు. ఒక కమెడియన్ వచ్చి దెయ్యం ముందు డాన్స్ చేస్తే మాత్రం, ఆ దెయ్యం మళ్లీ ఎంత అరిచినా ఇక భయం రాదు.

నాకు ఇంకా పెద్ద ఇబ్బంది ఫ్లాష్‌బ్యాక్. మన సినిమాల్లో సెకండాఫ్‌లో అరగంట ఆగి, ఆ దెయ్యానికి జరిగిన అన్యాయమంతా చెప్తారు. అయ్యో పాపం అనిపిస్తుంది. జాలి కలిగాక ఇక దడ ఎక్కడుంటుంది? 2009లో అరుంధతి దీన్ని తిప్పేసింది. అక్కడ ఫ్లాష్‌బ్యాక్ అయ్యాక విలన్ పశుపతి మీద భయం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే వాడి పగ ఎంత పాతదో, ఎంత నీచమైనదో అప్పుడే తెలుస్తుంది. పైగా వాడికి రవిశంకర్ డబ్బింగ్ గొంతు. ఆ మనిషి తెర మీద లేనప్పుడు కూడా ఆ గొంతు గదిలో ఉంటుంది.

నైట్‌షిఫ్ట్
ఇన్నాళ్లూ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. మసూద గురించి ఎవరూ అనకపోయేసరికి ఆగలేకపోయాను.

నేను గచ్చిబౌలిలో పనిచేస్తా, ఇంటికొచ్చేసరికి తెల్లవారుజాము మూడవుతుంది. 2022లో ఆ సినిమా చూసిన వారం రోజులు మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కలేదు, నాలుగంతస్తులూ మెట్లెక్కా. ఎందుకంటే అది మా ఇల్లే. కోట లేదు, అడవి బంగళా లేదు. హైదరాబాద్‌లో మామూలు అపార్ట్‌మెంట్, ఒంటరిగా కూతుర్ని పెంచుకునే టీచరు, పక్క ఫ్లాట్‌లో బెరుకైన సాఫ్ట్‌వేర్ కుర్రాడు. చాలాసేపు వాళ్ల బతుకులే చూస్తాం. ఆలస్యం చేస్తున్నాడని కొందరు విసుక్కున్నారు. నాకైతే ఆ ఆలస్యం వల్లే పట్టుకుంది. ఆ అమ్మాయి మారిపోవడం మొదలయ్యేసరికి ఆమె మామూలుగా ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. తెలిసిన మనిషి వేరేలా నిలబడితే చాలు, ఇంకేం అక్కర్లేదు.

ఆ కుర్రాడు భయస్తుడు కావడం కూడా నాకు నచ్చింది. ధైర్యవంతుడైన హీరో ఉంటే మన భయం అతని భుజాన వేసేస్తాం. ఇతను మనకన్నా ముందే వణుకుతుంటే ఎవరి వెనక దాక్కోవాలి?

కెమెరాకన్ను
నైట్‌షిఫ్ట్ బ్రో, ఇన్నాళ్లూ రాయకుండా ఎలా ఉన్నావు? బాగా చెప్పావు.

2024లో వచ్చిన మమ్ముట్టి భ్రమయుగం కూడా చూడండి, మలయాళం. సినిమా మొత్తం నలుపు తెలుపే. ఒక పాడుబడ్డ ఇల్లు, ముగ్గురు మనుషులు, వాన. కాసేపటికి లోపల ఎన్ని రోజులు గడిచాయో ఆ ఇంట్లో చిక్కుకున్నవాడికీ తెలియదు, మనకూ తెలియదు. మూసీగాలి నాలుగు రాత్రులకూ తేదీ కార్డులు వేసి ఉంటే తీసేయాలి.

మూసీగాలి
వేశానన్నా. తీసేస్తా. మీరు చెప్పినవన్నీ రాసుకున్నాను. శనివారం మళ్లీ షూట్.

మూసీగాలి
రెండు వారాలైంది, వచ్చి చెప్పాలనిపించింది.

చెయ్యి తీసేశాను. దానికోసం సిలికాన్ గ్లవ్ కొని రెండు రోజులు రంగేశాం, తీసేయడానికి మనసు రాలేదు. అయినా తీసేశాను. తలుపు షాట్లన్నీ 24ఎంఎంతో మళ్లీ తీశాం. నాలుగో రాత్రి షాట్ ఒక నిమిషం పదిహేను సెకన్లు, ఒక్క కట్ లేదు. అమ్మాయి ఎడమ మూల కింద కూర్చుని లెక్కలు చేసుకుంటుంది. కుడివైపు తలుపు పూర్తిగా తెరిచి ఉంటుంది. లోపల మంచం అంచు, దాని మీద మడతపెట్టిన దుప్పటి కనిపిస్తాయి. మూడో రాత్రి ఆ దుప్పటి మడత విప్పి ఉంది. మేం దాని గురించి ఎక్కడా మాట్లాడలేదు. పాఠకురాలు అక్క చెప్పిన నియమం వాళ్లమ్మ ఫోన్ కాల్‌లో పెట్టాను, కూర ఏం వండుకున్నావు అన్న ప్రశ్నకూ గ్యాస్ ఆపేశావా అన్న ప్రశ్నకూ మధ్యలో.

ఫ్లాట్‌లో రాత్రి రెండింటికి ఒక్కడినే కూర్చుని నలభై నిమిషాలు రూమ్ టోన్ రికార్డ్ చేశాను. ఫేడర్7 అన్నా, నువ్వు చెప్పింది నిజం. మధ్యలో ఫ్రిజ్ ఆగింది, నేను హెడ్‌ఫోన్స్ తీసి వెనక్కి చూశాను.

నిన్న అయిదుగురికి చూపించాను, మొదటిసారి చూడనివాళ్లకే. ఎవరూ ఎగిరిపడలేదు, నవ్వలేదు. టిక్ ఆగిన చోట ఇద్దరు పైకి చూశారు, మా గదిలో ఫ్యాన్ వైపు. అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు ఒకమ్మాయి మెట్ల దగ్గర ఆగి, నువ్వు కూడా కిందిదాకా రా అని వాళ్ల చెల్లిని పిలిచింది.

ఒక్క అనుమానం మిగిలింది. టిక్ చాలామందికి తెలిసిపోతోందేమో. ఇంకో రెండు డెసిబెల్స్ తగ్గించమంటావా?

ఫేడర్7
తగ్గించకు. మొదటి రాత్రి మాత్రం ఒక డెసిబెల్ పెంచు, చెవికి అలవాటు కావాలి. ఆగే ముందు రెండు చుట్లు టిక్ కాస్త ఆలస్యంగా పడనివ్వు. ట్రాకులు విడివిడిగా పంపు, గురువారం రాత్రి పని అయ్యాక స్టూడియోలో 7 దగ్గర పెట్టి వింటా.